మీకు తెలుసా? పొరపాటున పడ్డ డబ్బును మీ చేత్తో తిప్పి పంపనక్కర్లేదు

బెజవాడ బీసెంట్ రోడ్డు తోపుడు బండ్ల నుంచి గుడివాడ, బందరు బజార్ల దాకా ఇప్పుడు క్యూఆర్ కోడ్‌లే. అయితే ఫోన్ నంబరు కొట్టి పంపేటప్పుడు ఒక్క అంకె తప్పినా డబ్బు మరొకరి ఖాతాలో పడొచ్చు. కాబట్టి "పొరపాటున మీకు ఐదు వేలు వచ్చాయి, వెనక్కి వేయండి" అనే ఫోన్ ప్రతిసారీ మోసం కాదు. కానీ ముందు చూడాల్సింది మెసేజ్ కాదు, ఖాతాలో నిల్వ. బ్యాంకు మెసేజ్ మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే పోయేది మీ డబ్బే.

నిజంగానే పడిందా? అప్పుడే మరింత జాగ్రత్త. అది ఎవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము కావచ్చు. ఫోన్లో చెప్పిన వేరే ఖాతాకు వేస్తే, అసలు బాధితుడి ఫిర్యాదుతో మీ ఖాతానే నిలిపేయవచ్చు. ఆసుపత్రి ఖర్చుకని ప్రాధేయపడుతుంటే ఆలస్యం చేయడం అన్యాయం కాదా అనొచ్చు. కానీ నిజంగా పొరబడినవారికి తమ బ్యాంకులోనే దారి ఉంది: లావాదేవీ నంబరుతో ఫిర్యాదు చేస్తే ఆ బ్యాంకు మీ బ్యాంకును అడుగుతుంది, మీరు ఒప్పుకుంటే సొమ్ము వచ్చిన ఖాతాకే చేరుతుంది. మీరూ మీ బ్రాంచికి రాసిచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి. అలాగని వాడేసుకోవడానికీ వీల్లేదు. పొరపాటున అందిన సొమ్ము తిరిగివ్వాల్సిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది.