పాత పోర్షే బేరంలో ఇంజన్ నంబరే కీలకం

పాతకార్ల మార్కెట్లో ఒకే రూపంలో ఉన్న కారు మూడు నాలుగు ధరలు పలకడం వింతేమీ కాదు. 1972, 1973 మోడళ్ల పోర్షే 911 కూపే ఇందుకు తగిన ఉదాహరణ. పైరేకు చూస్తే అన్నీ ఒకటే. ఇంజన్ వెనుకభాగంలో ఉంటుంది కనుక వెనుక మూత ఎత్తితేగాని రకం తేలదు. ఎత్తిన తరువాత కూడా తేలని బండ్లు ఉండటంతోనే వస్తుంది చిక్కు.

ఆ రెండేళ్లలో జర్మనీ కర్మాగారం ఈ కూపేను టి, ఇ, ఎస్ అనే మూడు రకాలుగా తయారుచేసింది. పేరుకు 2.4 లీటర్లయినా మూడింటి ఇంజన్ కొలత 2,341 సి.సి. మాత్రమే. యూరప్‌లో అమ్మిన టి రకం కార్బురేటర్లతో 130 అశ్వశక్తి ఇచ్చేది. బాష్ ఇంజెక్షన్ పంపు అమర్చిన ఇ 165, ఎస్ 190 ఇచ్చేవి. వీటన్నింటికీ పైమెట్టు 1973 కారెరా ఆర్.ఎస్. దీని ఇంజన్ 2,687 సి.సి., శక్తి 210. పందేల అర్హతకు 500 బండ్లు చాలునని మొదలుపెట్టినా, గిరాకీ చూసి 1,580 దాకా తయారుచేశారు. నేటికీ ఆ కాలపు మామూలు 911లకన్నా దీని ధర ఎంతో ఎక్కువ.

టి బాడీలో అదే కాలపు ఎస్ ఇంజన్ ఉన్న బండి అమ్మకానికి వచ్చినప్పుడు బేరగాళ్లు తికమకపడతారు. ఇలాంటివి మోసానికే పుట్టాయనుకోవడం పొరపాటు. ఒకనాడు ఇవి వాడి పారేసే కార్లే. ఇంజన్ చెడితే, ఎక్కడైనా గుద్దుకున్న ఎస్ బండి నుంచి మెరుగైన ఇంజన్ దొరికితే బిగించుకునేవారు. అలాంటి బండిని టి అని చెప్పి అమ్మితే పేచీ లేదు. ఎస్ అని చెప్పి, ఎస్ ధర అడిగితేనే పేచీ.

దీన్ని పట్టుకోవడానికి నంబర్లు చదవడం రావాలి. 1973 బండి ఛాసిస్ నంబరు 9113తో మొదలవుతుంది. ఆ తరువాతి అంకె రకాన్ని చెబుతుంది: 5 అయితే కార్బురేటర్ల టి, 2 అయితే ఇ, 3 అయితే ఎస్, 6 అయితే ఆర్.ఎస్. ఇంజన్ నంబరులో మొదటి 6 సిలిండర్ల సంఖ్య, రెండవది రకం, మూడవది మోడల్ సంవత్సరం. అంటే 633 ఎస్ ఇంజన్, 663 ఆర్.ఎస్. ఇంజన్. రెండు నంబర్లలో రకం అంకె కలవకపోతే ఇంజన్ మార్చిన బండి అన్నమాట. కలిసినంత మాత్రాన సరిపోయిందనుకోరాదు. అంకెలు గుద్దిన చోట లోహం అరగదీసిన ఆనవాళ్లున్నాయేమో చూడాలి. ఏ ఛాసిస్‌కు ఏ ఇంజన్ అమర్చిందీ కర్మాగారపు రికార్డు కార్డుల్లో ఉంటుంది. ఆ ఆధారం చూపలేని అమ్మకందారు ఎస్ ధర అడగడం భావ్యం కాదు.

ఆర్.ఎస్. విషయంలో మరీ జాగ్రత్త అవసరం. స్ట్రోకు మార్చకుండా సిలిండరు వ్యాసాన్ని 84 నుంచి 90 మిల్లీమీటర్లకు పెంచి ఆ ఇంజన్ తయారుచేశారు. కాబట్టి మామూలు ఇంజన్‌ను కోతపనితో ఆ కొలతకు తేవడం మంచి వర్క్‌షాపుకు అసాధ్యం కాదు.

ఇక ధర సంగతి. ఇంజన్ మార్చిన బండికి టి ధర కట్టి, దానిపై ఎస్ ఇంజన్ విడిగా ఎంత పలుకుతుందో చేర్చి, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేస్తే న్యాయమైన లెక్క వస్తుంది. అసలు టి ఇంజన్‌ను కూడా దాచి ఉంచి బండితోపాటు ఇస్తే రెండు రాళ్లు ఎక్కువ పెట్టవచ్చు. తిరిగి అమ్మేటప్పుడు ఆ ఇనుము అక్కరకు వస్తుంది.

మరమ్మతు ఖర్చును తక్కువగా అంచనా వేసి దెబ్బతిన్నవారే ఎక్కువ. ఈ ఇంజన్ల క్రాంక్‌కేసు మెగ్నీషియం లోహం. వేడికి సిలిండర్లను పట్టి ఉంచే స్టడ్లు దీన్నుంచి ఊడిరావడం తెలిసిన జబ్బే. ఇంజెక్షన్ పంపు లోపలి క్యామ్ ఒక్కో రకానికి ఒక్కో తీరున ఉంటుంది. ఇ పంపు ఎస్ ఇంజన్‌కు బిగిస్తే బండి నడుస్తుంది గాని సరిగా నడవదు. అందుచేత పంపు నంబరు కూడా రాసుకోవాలి. ప్రతి సిలిండరుకు కంప్రెషన్, లీకు పరీక్షలు జరిపించాలి. ఎస్ ఇంజన్ నిమిషానికి 6,500 చుట్ల వద్దగాని పూర్తిశక్తి ఇవ్వదు. ఊరి రద్దీలో తిప్పి చూసి బాగుందనడం వ్యర్థం.

బాడీకి పూర్తిగా జింకు పూత 1976 మోడల్‌తోనే వచ్చింది. అంతకుముందువి ఏవైనా తుప్పుకు లోనైనవే. అడుగు రేకు, తలుపుల కింది పెట్టెభాగాలు, బ్యాటరీల చుట్టూ పొడిచి చూడాలి. 1972 మోడల్‌కు కుడిపక్క వెనుక మడ్‌గార్డు మీద ఆయిలు పోసే చిన్న మూత ఉంటుంది. పెట్రోలు బంకులవారు పొరపాటున అందులో పెట్రోలు పోస్తున్నారని మరుసటి ఏడాదే దాన్ని తీసేశారు. 1972 బండి అని చెప్పి ఆ మూత లేకపోతే, మడ్‌గార్డు ఎందుకు మారిందో అడిగిన తరువాతే అడ్వాన్సు మాట ఎత్తాలి.