11 రోజులు పెద్ద... 18 కిలోలు చిన్న!

మండల స్థాయి అండర్-14 కబడ్డీ ఎంపికలు. హైస్కూలు మైదానంలో సున్నంతో గీసిన కోర్టు. చుట్టూ పిల్లలు, పీఈటీ మాస్టార్లు, మాలాంటి బంధుజనం. కూతకు వచ్చిన కుర్రాడికి మూతిమీద నూనూగు మీసం. 50 కిలోల మనిషి. అవతల మూలలో కాచుకుని ఉన్నవాడు 32 కిలోలు. వేసుకున్న బనీను వాళ్లన్నదేమో అన్నంత వదులు. అయినా వెరవకుండా వంగి చీలమండ అందుకున్నాడు. అంతే... కాలికి వేలాడుతున్నవాణ్ని కూడా ఈడ్చుకుంటూ గీత దాటేశాడు పెద్దోడు. చిన్నోడి మోచేతులు రెండూ దోక్కుపోయాయి.

‘‘వీడికి పద్నాలుగేళ్లు నిండలేదా? సర్టిఫికెట్ చూడండి మాస్టారూ!’’ గుంపులోంచి ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇద్దరూ నాకు మేనల్లుళ్లే మరి! చిన్నోడు మా అక్క కొడుకు. పెద్దోడు మా పిన్నిగారి అమ్మాయి కొడుకు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పుట్టారు. ఇద్దరి బారసాలలకూ నేను వెళ్లాను. పుట్టినరోజుల మధ్య తేడా 11 రోజులు. తమాషా ఏంటంటే ముందు పుట్టింది చిన్నోడు!

ఇది పోయినేడాది సంగతి. చిన్నోడు జట్టుకు ఎంపిక కాలేదు. పాపం అనుకున్నాం. ఐస్‌క్రీమ్ కొనిచ్చాం. ఎంపికైన పెద్దోడి గురించి ఎవరం పట్టించుకోలేదు. రాత్రి వాడు అన్నం తినలేదని వాళ్లమ్మ చెబితే వెళ్లాను. ‘‘నా సర్టిఫికెట్ దొంగదా మామయ్యా?’’ అని అడిగాడు. అన్యాయం జరిగింది ఒక్కడికే అనుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది.

ఎముక చెప్పే వయసు

ఆడపిల్లలు సుమారు పన్నెండో ఏట, మగపిల్లలు పద్నాలుగో ఏట అందరికంటే వేగంగా పొడవు సాగుతారని పుస్తకాలు చెబుతాయి. అది సగటు లెక్క. కొందరికి ఆ వేగం రెండేళ్లు ముందే వచ్చేస్తుంది. ఇంకొందరికి రెండేళ్లు ఆలస్యమవుతుంది. అందుకే ఎనిమిదో తరగతి గదిలో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరి ఒళ్ల మధ్య నాలుగేళ్ల తేడా కనిపించినా వింతేమీ కాదు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఒకరికి బలం మందు, మరొకరికి ఆకలి తగ్గించే మందు వెతకనక్కర్లేదు.

దీనికి తోడు పుట్టిన నెల ఒకటి. జనవరి 1 నుంచి వయసు లెక్కపెట్టే ఆటలో జనవరి పిల్లాడికీ డిసెంబరు పిల్లాడికీ దాదాపు ఏడాది తేడా. కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే ఆయన ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు తిరగేసి ఈ సంగతి పట్టుకున్నారు. 1985లో అచ్చయిన ఆ పరిశీలన ప్రకారం పై స్థాయి జట్ల నిండా ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే. చివరి నెలలవాళ్లు బాగా తక్కువ. చిన్నప్పుడు కాస్త పెద్దగా ఉన్నవాడు ఎంపికవుతాడు. ఎంపికైనవాడికి మంచి కోచ్, ఎక్కువ మ్యాచ్‌లు. మిగిలినవాడు ఇంటికి. కొన్నాళ్లకు ‘వాడిలో ప్రతిభ లేదు’ అని అందరూ నమ్మేస్తారు, వాడితో సహా.

మన దగ్గర ఆ లెక్క తీయబోతే మరో చిక్కు. పల్లెల్లో ఎంతమంది పుట్టినరోజులు జూన్, జులైల్లో ఉంటాయో గమనించారా? బళ్లో చేర్చుకున్న రోజున మాస్టారు వేలు మడిచి వేసిన తేదీలవి! అమాయకంగా వేసినవి కొన్నయితే, ఆటల్లో సీటు కోసం కావాలని ఏడాదో రెండేళ్లో తగ్గించినవి కొన్ని. 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ ఈ దొంగ వయసుల మీద గట్టిగానే మాట్లాడారు. అమ్మానాన్నా కోచూ కలిసి తప్పుడు సర్టిఫికెట్ పుట్టించడం చూసిన పిల్లాడు రేపు మోసం నేర్చుకోడా అన్నది ఆయన ప్రశ్న.

కాగితాన్ని నమ్మలేక ఎముకను అడుగుతోంది క్రికెట్ బోర్డు. ఎడమ చేతి మణికట్టును ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు కడతారు. టీడబ్ల్యూ3 అంటారు ఆ పద్ధతిని. కుర్రాళ్లలో అండర్-16 పోటీలకు ఇది తప్పనిసరి. దీంతో దొంగలు చాలామందే దొరికారు. కానీ ఎముక చెప్పేది ఎంత ఎదిగిందనే గానీ ఎప్పుడు పుట్టిందని కాదు కదా! మా పెద్దోడిలా తొందరగా ఎదిగినవాడు నిజం చెప్పినా ఆ ఎక్స్‌రే ముందు అబద్ధాలకోరే అవుతాడు. నిజమైన వయసున్న పిల్లలు లెక్కల కారణంగా నష్టపోకూడదని 2025లో బోర్డు రెండోసారి ఎముక పరీక్షకు వీలు కల్పించాలని నిర్ణయించింది. మంచిదే. పదిహేనేళ్లవాడు తన నిజాయతీని రెండుసార్లు ఫొటో తీయించుకోవాల్సి రావడం మాత్రం నాకు మింగుడుపడదు.

పై గీత ఉంది... కింది గీత?

ఆకారమే అంతా కాదని మనకు తెలుసు. 2017లో గ్లాస్గోలో ఐదడుగుల పైచిలుకు ఒకుహర మన ఐదడుగుల పదంగుళాల సింధును 110 నిమిషాలు ఆడించి మరీ ప్రపంచ టైటిల్ పట్టుకుపోయింది. అయితే అక్కడ మధ్యలో నెట్ ఉంది. కబడ్డీలో ఒంటికి ఒళ్లు తగలాలి. ఎదిగే వయసులో ఎముకల కొసలు ఇంకా లేతగానే ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే పెద్దవాళ్ల దెబ్బలా తేలిగ్గా తీసుకోలేం.

కుస్తీ, బాక్సింగ్, జూడోల్లో బరువుల మెట్లుంటాయి. మెట్టుకు మెట్టే పోటీ. పిల్లల కబడ్డీకీ బరువు నిబంధన ఉందిగా అంటారు. ఉంది, కానీ అది పై గీత ఒక్కటే. ఇంతకు మించి బరువుండకూడదు అంతే. దాని కింద 50 కిలోలవాడూ 32 కిలోలవాడూ ఎదురెదురుగా నిలబడవచ్చు. నిబంధన తప్పినట్టు కాదు!

ఇంగ్లండ్‌లో మరో దారి పట్టారు. అమ్మానాన్నల ఎత్తులూ పిల్లాడి ఎత్తూబరువులూ చూసి, వాడు పెద్దయ్యాక ఎంత ఎత్తుంటాడో అంచనా వేస్తారు. అందులో ఇప్పటికి ఎంత శాతం ఎదిగాడో లెక్కగట్టి, సరిసమానంగా ఎదిగినవాళ్లను కలిపి ఆడిస్తారు. బయో బ్యాండింగ్ అంటారు. 2015లో నాలుగు ఫుట్‌బాల్ క్లబ్బులకు చెందిన 11-14 ఏళ్ల పిల్లలతో ఇలాంటి పోటీ పెట్టి, తర్వాత ఎలా ఉందని వాళ్లనే అడిగారు. ఆలస్యంగా ఎదిగే పిల్లలు తమ ఆట చూపించే అవకాశం దొరికిందన్నారు. ముందే ఎదిగిన పిల్లల జవాబు ఇంకా ఆసక్తికరం. తోసుకుపోవడం కుదరక పాస్‌లు ఇవ్వడం, ముందే ఆలోచించడం నేర్చుకోవాల్సి వచ్చిందట.

రోజూ అలాగే ఆడించమని ఎవరూ అనడం లేదు. స్నేహితులను విడదీసినట్టవుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు చాలు.

ఈ పేర్లేవీ తెలియకుండానే మా చిన్నోడి బళ్లో పీఈటీ మాస్టారు అదే పని చేస్తున్నారు. శనివారాలు పుట్టిన ఏడాది చూడరు. బరువు చూసి జట్లు కడతారు. ఆరో తరగతివాళ్లతో ఆడమన్నందుకు మావాడు మొదట అలిగాడు. ఇప్పుడు కూతకు వెళ్లి బోనస్ గీత తొక్కి వస్తున్నాడు. మిగతా రోజులు తన ఈడువాళ్లతోనే. మోచేతులు దోక్కుపోతూనే ఉన్నాయి.

పెద్దోడి కథ వేరు. ఈ ఏడాది ఎంపికలకు వారం ముందు తూకం వేసుకుంటే పరిమితి కంటే కిలోన్నర ఎక్కువొచ్చింది. ఆ రోజు నుంచి రాత్రిపూట గ్లాసుడు మజ్జిగ. సాయంత్రం స్వెటర్ వేసుకుని పరుగు. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్ వంద గ్రాములకు ఫైనల్ పోగొట్టుకున్న సంగతి వాడికి తెలుసు. రాత్రంతా ఆమె ఏమేం చేసిందో కూడా చదివాడట. ఆమె ఒలింపిక్స్ ఆడే మనిషి. వీడికి పదమూడేళ్లు. ఎముక, కండ, ఎత్తు అన్నీ ఒకేసారి పెరుగుతూ రోజంతా ఆకలి వేసే వయసు.

వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. ‘‘నువ్వు చెబితే వింటాడు అన్నయ్యా’’ అంది. ఫోన్ వాడికివ్వమన్నాను. ముందు అన్నం తినరా అన్నాను.

‘‘తింటే జట్టులో ఉండను కదా మామయ్యా?’’

ఉండవు అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత కంచం పెట్టిన చప్పుడు వినిపించింది.