తొమ్మిది వారాలు తక్కువ

అమెరికా అనుభవాలు రాయమని మన సంఘం కార్యదర్శిగారు రెండేళ్ళుగా అడుగుతున్నారు. "నయాగరా జలపాతం గురించి రాయండి, పిల్లలు ఇష్టంగా చదువుతారు" అన్నారు. నయాగరా నేనూ చూశాను. కానీ దాని గురించి రాయగలవారు చాలామంది ఉన్నారు. 1973లో ఉద్యోగంలో చేరి 2014లో దిగినవాణ్ణి, నాకు బాగా తెలిసింది ఉద్యోగమే. అదే రాస్తాను.

మాది షోలాపూరు. మా తాతలు కరీంనగరు వైపునుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, మిల్లులో రెండూ. అమ్మ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నాయన నూలు మిల్లులో పని. ఊరికి గడియారం మిల్లు భోంగాయే. అది మోగితే లేవడం, మోగితే తినడం. 1960 దశకంలో ఆ మిల్లు మూతపడింది. భోంగా మోగని మొదటి పొద్దున నాయన అలవాటుగా లేచి, ముఖం కడుక్కుని, చెప్పులు వేసుకుని, గడప మీద కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు. తర్వాత ఎవరిదో మగ్గం మీద చద్దర్లు నేయడానికి కుదిరాడు. ఆ చద్దర్ల మీదే నా చదువు సాగింది.

1971లో ఒహాయో రాష్ట్రానికి ఎం.ఎస్. చదవడానికి వెళ్ళాను. అప్పుడు డాలరు ఏడున్నర రూపాయలు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చకపోతే నావంటివాళ్ళకు అక్కడ స్థిరపడే దారే లేదు. అంతకుముందు మన దేశానికి ఏడాదికి వందమంది లెక్కన మాత్రమే అనుమతి ఉండేది. 1973 జూన్‌లో యంగ్స్‌టౌన్ దగ్గర ఒక కంపెనీలో చేరాను. ఉక్కును రేకులుగా సాగదీసే యంత్రాలకు నమూనాలు గీయడం పని. మహోనింగ్ నది వెంట బారులు బారులుగా ఉక్కు కొలుములు. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది. ఇంత పెద్ద పొయ్యి ఆరుతుందా అనిపించేది. మిల్లులు మూతపడడం బీదదేశాల సంగతి అనుకున్నాను. పైగా నాతో పనిచేసేవారిలో తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి వెళ్ళినవాళ్ళు ఉండేవారు.

1977 సెప్టెంబరు 19, సోమవారం. ఆ ఊళ్ళో పెద్ద ఉక్కు కర్మాగారం ఒకటి చాలాభాగం మూసేస్తున్నామని ప్రకటించింది. దాదాపు 5,000 ఉద్యోగాలు. ఆ రోజును అక్కడివాళ్ళు ఇప్పటికీ 'నల్ల సోమవారం' అంటారు. మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాకు గడప మీద కూర్చున్న నాయన కనిపించాడు.

ఉక్కు తయారుచేసేవాడు పడిపోయాక వాడికి యంత్రాలు అమ్మేవాడు ఎన్నాళ్ళు నిలుస్తాడు? మా కంపెనీ అయిదేళ్ళు ఈడ్చింది. ధరలు అణచాలని అప్పటి కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీలు పెంచారు. 1981 అక్టోబరులో ఇంటి అప్పు వడ్డీ 18 శాతం దాటింది. అంత వడ్డీకి అప్పు చేసి కొత్త యంత్రం కొనేవాడు లేడు. 1982 చివర్లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 10.8 శాతం. అందులో నేనొకణ్ణి. అక్టోబరులో నా పేరు జాబితాలోకి వచ్చింది. చిన్న పాప, సగం కట్టిన ఇంటి అప్పు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 1974లో అమెరికాలో పింఛను చట్టం వచ్చింది. అంతకుముందు కంపెనీ మునిగితే పింఛనూ మునిగేది. 1963లో స్టూడీబేకర్ కార్ల కంపెనీ ఇండియానాలో ఫ్యాక్టరీ మూసినప్పుడు వేలమందికి అదే జరిగింది. కొత్త చట్టం పింఛనుకు కాపు కాసింది కానీ, పదేళ్ళు నిండేదాకా కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదన్న పద్ధతిని కూడా ఒప్పుకుంది. మా కంపెనీది ఆ పద్ధతే. 1,000 గంటలు పనిచేస్తే ఏడాది కింద లెక్క. నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. పదో ఏట నా గంటలు 640. ఇంకో తొమ్మిది వారాలు ఉంచి ఉంటే జీవితాంతం నెలనెలా ఎంతోకొంత వచ్చేది. మనవి చేసుకుంటే, "రూలు రూలే" అన్నారు మర్యాదగానే. కావాలని చేశారా అంటే చెప్పలేను. నా వరసలో మరో ఇద్దరికి కూడా పదో ఏడే నడుస్తోందని మాత్రం తెలుసు. 1986లో చట్టం మార్చి ఆ పదేళ్ళను అయిదుకు తగ్గించారు. మాకు పనికిరాలేదు.

ఇంటికి ఈ సంగతి రాయలేదు. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేస్తూ, పంపే డబ్బు తగ్గకుండా చూసుకున్నాను. ఫిబ్రవరిలో నాయన రాయించిన ఉత్తరం వచ్చింది. "నీ ఉత్తరాలు పొడుగైతున్నయ్ బిడ్డా. పని తక్కువైందా?" నిజమే. ఇదివరకు ఏరోగ్రాంలో సగం ఖాళీగా వదిలేవాణ్ణి. ఆ చలికాలమంతా అంచుల్లో కూడా నింపాను. చదువురాని మనిషి, అక్షరాలు లెక్కపెట్టకుండానే పట్టేశాడు. కింద ఇంకో వాక్యం ఉంది. "మగ్గం ఎవరిదైతేనేం."

అప్పుడు మూడు గంటల దూరంలో మేరిస్‌విల్‌లో హోండా వారు అమెరికాలో కార్లు చేయడం మొదలుపెట్టారు. మొదటి కారు 1982 నవంబరులో బయటికొచ్చింది. జపాను సరుకు వల్లే మా బతుకులు పోయాయని యంగ్స్‌టౌన్‌లో తిట్టనివాడు లేడు. ఆ జపాను కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలోనే 1983లో నాకు పని దొరికింది. పాత స్నేహితుల్లో ఒకాయన మూడేళ్ళు మాట్లాడలేదు.

అక్కడ ముప్పై ఏళ్ళు పైగా ఉన్నాను. డ్రాయింగు బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పన్నెండుమందిమి గీసే పని నలుగురికి చాలిపోయింది. ఆ నలుగురిలో నేనుండడానికి కారణం తెలివి కాదు, భయం. శనివారాలు సొంత డబ్బుతో ఆటోకాడ్ నేర్చుకున్నాను. 1994లో మెక్సికో, కెనడాలతో వ్యాపార ఒప్పందం అమలుకొచ్చాక కొన్ని యంత్రాలను మెక్సికోకు తరలించారు. ఏ బోల్టు ముందు విప్పాలో, ఏ భాగం ఏ లారీకి ఎక్కాలో ప్లాను గీసింది నేనే. దగ్గరుండి బిగించడానికి అక్కడికీ వెళ్ళాను. అక్కడ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఎంతో శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసుకుంటుంటే, అది 1973లో నేనే అనిపించింది. తిరిగొచ్చాక ఆ యంత్రం మీద పనిచేసిన మనిషి ఎదురుపడితే వేరే వరండాలోంచి నడిచాను.

అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1979 జూన్‌లో ఒక కోటి 95 లక్షలు. 2010 మొదట్లో కోటీ 15 లక్షలు. ఎవరు తిన్నారంటే చైనా అనేవారు, మెక్సికో అనేవారు, మన కంప్యూటరు పిల్లలు అనేవారూ ఉన్నారు. చైనా 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ నా కళ్ళముందు ఎక్కువ పనులు పోయింది మాత్రం దేశం దాటి కాదు, గది మూలన పెట్టిన యంత్రంలోకి. యంత్రాన్ని తిట్టి ఓట్లడగడం కష్టం కాబట్టి దాని పేరు తక్కువ వినిపిస్తుంది.

కొత్త కంపెనీలో పింఛను లేదు. 401 కె అని ఉండేది. మన పి.ఎఫ్. లాంటిదే కానీ వడ్డీ ఇంత అని భరోసా లేదు. మన డబ్బు, కంపెనీ కలిపే కొంత డబ్బు, రెండూ షేర్లలోకి పోతాయి. పెరిగితే మన అదృష్టం, తరిగితే మన ఖర్మ. 2007 అక్టోబరులో 14,164 దగ్గరున్న డౌ సూచీ 2009 మార్చికి 6,547కి దిగింది. అప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆవిడ స్టేట్‌మెంటు కవరు విప్పకుండా ఫ్రిజ్ మీద పెట్టేసేది. 62కే దిగిపోదామనుకున్నవాణ్ణి 66 దాకా పనిచేశాను. చివరికి ఆదుకుంది సోషల్ సెక్యూరిటీ. 1935 నాటి పథకం, ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ళను సగటు చేసి ఇస్తారు. నెలనెలా వస్తుంది, షేర్లతో పనిలేదు.

ఇప్పుడు చలికాలమంతా షోలాపూరులో తమ్ముడింట్లో ఉంటున్నాను. మొన్న వాళ్ళ మనవరాలు పూణేలో వచ్చిన ఉద్యోగపు కాగితం తెచ్చి, "తాతా, ప్యాకేజీ చూడండి" అంది. జీతం అంకె దాటేసి గ్రాట్యుటీ ఎక్కడుందా అని వెతికాను. "మామూలుగా దీనికి అయిదేళ్ళు నిండాలి, చూసుకో" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "అయిదేళ్ళు ఒక్కచోట ఎవరుంటారు తాతా?"

ఎర్ర పెన్సిలుతో ఆ వరస కింద గీత గీసి ఇచ్చాను. మడిచి సంచిలో పెట్టుకుంది. తనకు రాత్రి షిఫ్టులట. వాళ్ళ క్లయింటు ఒహాయోలో ఉన్నాడట.