పెళ్లి వీడియో మింగిన మెమరీ

బావమరిది పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. 4కే, ఫైలు 11 జీబీ. మా ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ. అందరం సర్దుకుని కూర్చున్నాక, సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. "11 జీబీ ఫైలు 4 జీబీలో ఎలా పడుతుంది అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

సబబైన ప్రశ్నే కానీ, లెక్క అది కాదు. ప్లేయర్ ఫైలంతా మెమరీలోకి ఎత్తుకోదు. గాబులోంచి చెంబుతో తోడుకున్నట్టు కొంచెం కొంచెం చదువుకుంటుంది, వాడేసి వదిలేస్తుంది. అసలు బరువు విప్పాక మొదలవుతుంది.

ఫైల్లో నిండు బొమ్మలు కొన్నే ఉంటాయి. 2013లో ఖరారైన హెచ్.265 పద్ధతిలో మిగతావన్నీ తేడాలే: ఇందాకటి ఫ్రేములో ఉన్న పెళ్లికూతురి చెయ్యి ఇటు ఇంత జరిగింది, అంతే. అది అర్థం కావాలంటే వెనకటి ఫ్రేములు, ఒక్కోసారి రాబోయేవి కూడా, విప్పి పక్కన పెట్టుకోవాలి. 4కే ఫ్రేములో 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. 10 బిట్ల రంగుతో తీస్తే మెమరీలో చుక్కకు సగటున 3 బైట్లు, ఫ్రేముకు 25 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములు! ఒక్క సెకను పెళ్లి 620 మెగాబైట్ల పైమాటే. మామూలు 8 బిట్ల ఫుల్ హెచ్‌డీలో ఫ్రేము 3 మెగాబైట్లతో సరి.

పైగా విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ చిప్ కూడా ఈ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది.

అయినా మెమరీ వాడకం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. అందుకే అంకె ఎంతుందని కాదు, ఎక్కుతోందా అని చూడాలి. టాస్క్ మేనేజర్ తెరిచి పది నిమిషాలు కాపలా కాశాను. 600 మెగాబైట్లతో మొదలైంది, మంగళస్నానాలయ్యేసరికి 1,900. వాడేసిన ఫ్రేములను ఎవరో వదలడం లేదు. దీన్నే మెమరీ లీక్ అంటారు. ర్యామ్ నిండాక విండోస్ డిస్కు మీదికి సర్దడం మొదలుపెడుతుంది, బొమ్మ బిగుసుకునేది అప్పుడే.

వదలనిది ప్లేయరా, గ్రాఫిక్స్ డ్రైవరా? ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్, అంటే ఫ్రేములు విప్పే పని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం, ఆపేసి అదే ముక్క మళ్లీ వేశాను. బొమ్మ తడబడింది, ఫ్యాను హోరెత్తింది, కానీ అంకె ఎక్కడం ఆగింది. అనుమానం డ్రైవర్ మీదికి మళ్లింది. చూస్తే మూడేళ్ల నాటిది. కొత్తది వేసి డీకోడింగ్ మళ్లీ పెడితే 700 దగ్గర నిలబడింది.

బ్రౌజర్లో చూసేవాళ్లకైతే మొదటి అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీద ఉండాలి. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా కనిపిస్తుంది. ర్యామ్ క్లీనర్లని దొరికేవాటి జోలికి మాత్రం పోకండి. అవి ఎక్కువగా ఖాళీ చేసేది విండోస్ అవసరం పడితే తనంతట తానే వదిలే క్యాష్‌ను. లీకు లీకుగానే ఉంటుంది.

మీ ఇంట్లో పెళ్లుంటే వీడియోగ్రాఫర్‌ను 4కేతోపాటు ఫుల్ హెచ్‌డీ, 8 బిట్ల కాపీ కూడా ఒకటి అడిగి పెట్టుకోండి. పాత ల్యాప్‌టాప్‌కు అది చాలు.