బండలో ఎన్ని నీళ్లున్నాయి?

అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, మన దాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్య రుతుపవనాలేమో బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించిపోతాయి. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ-నీవా అందని ఊళ్లకు బోరే దిక్కు. అందుకే నాయనా, మన చీనీ తోటల్లో ఎటు చూసినా ఆ నల్లటి డ్రిప్పు పైపులు.

చుక్కలు రాలే బుడిపెను విప్పి చూడు. లోపల మెలికలు మెలికలుగా సన్నటి దారి ఉంటుంది. మోటారు తోసిన నీళ్లు ఆ మలుపుల్లో గోడలకు కొట్టుకుని జోరు తగ్గి, బయటికి చుక్కలుగా వస్తాయి. కొన్నిటి నుంచి గంటకు నాలుగు లీటర్లే. దారి అంత సన్నం కాబట్టి ఇసుక రేణువులు చాలు, మూసుకుపోవడానికి. బోరు నీళ్లలోని సున్నమూ అందులో పేరుకుంటుంది. ఫిల్టరు కడగడం మానేస్తే ఒక చెట్టు పచ్చగా ఉంటుంది, దాని పక్కది వాడిపోతుంది. మరో సంగతి: ఎర్ర ఇసుక నేలలో నీరు నిలువునా దిగిపోతుంది, నల్లరేగడిలో పక్కలకు పాకుతుంది. కాబట్టి మన ఎర్ర నేలల్లో ఒకేసారి ఎక్కువసేపు వదిలేకంటే కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వడమే మేలు.

ఈ పద్ధతిని ఇజ్రాయెల్ ఇంజనీరు సింఖా బ్లాస్ రూపొందించాడు. అక్కడి ఎడారి సీమలోని ఒక కిబ్బుట్జ్, అంటే ఉమ్మడి సేద్యం చేసుకునే ఊరు, 1965లో ఆయనతో చేయి కలిపి తయారీకి దిగింది. మన దగ్గర 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ సేద్య పథకం పెట్టి రాయితీ ఇచ్చాక ఊరూరా పాకింది. మంచి పనే జరిగింది, నాకు సంతోషమే.

అయినా బోర్లు ఎందుకు ఎండుతున్నాయి? లెక్క వేద్దాం, పలక తీసుకో. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పాత పద్ధతిలో ఎకరమంతా ఐదు సెంటీమీటర్లు నిలిచేలా ఒక తడి పెడితే రెండు లక్షల లీటర్లు. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లుండేది దాని పగుళ్లలో, పైనున్న చీకురాతిలో, అంటే చివికి మెత్తబడిన రాతిలో. ఆ చీకురాయి నుంచి మనం తోడుకోగలిగేది నూటికి ఒకటి రెండు పాళ్లే. రెండు పాళ్లే అనుకుందాం. ఎకరం కింద నీటిమట్టం ఒక మీటరు దిగితే మన చేతికొచ్చేది 80 వేల లీటర్లు. అంటే ఒక్క తడికి రెండున్నర మీటర్లు! అందులో కొంత తిరిగి ఇంకి కిందికి చేరుతుంది, నిజమే. ఎండకు ఆవిరైపోయింది మాత్రం మళ్లీ రాదు.

డ్రిప్పు ఆదా చేసేది ముఖ్యంగా ఆ ఆవిరినే. కానీ మిగిలిందని పక్కనే బీడుగా ఉన్న రెండెకరాలకూ పైపులు వేస్తే? ఆ రెండెకరాల ఆకులు తాగి గాలిలోకి వదిలిన నీరు బండలోకి తిరిగి చేరదు. పొలాలకు గట్లున్నాయి గానీ, కింద నీళ్లకు లేవు. ఒకే బొండంలో నాలుగు గొట్టాలు పెట్టుకుని తాగుతున్నాం. నేను మెల్లగా తాగుతున్నానంటే చాలదు, నలుగురం కలిసి ఎంత తాగుతున్నామో చూసుకోవాలి.

అలా చూసుకున్న ఊళ్లున్నాయి. అనంతపురంతో సహా కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచింది. వాన ఎంత పడిందో, బోర్లలో మట్టం ఎంత ఉందో రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వరి వేస్తే ఎంత కావాలి, వేరుశనగకు ఎంత చాలు అని లెక్క కట్టుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరినీ కట్టడి చేయలేదు. అంకెలు కళ్లముందు ఉండటంతో చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. నాకు ఈ పని డ్రిప్పు కంటే గొప్పగా తోస్తుంది.

రేపు పొద్దున బోరు మోటారు వేసినప్పుడు ఆ 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని రా. పక్క చేలో మామ బోరుదీ అడిగి చూడు. మిగతా లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.