పది మందైతే ఆట ఆగదు

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నామని చెప్పగానే చుట్టాలు ముందుగా అడిగేది లెక్కలు వచ్చా, ఇంగ్లీషు వచ్చా అని కాదు. "మరి తోటి పిల్లలో?" అని. హైదరాబాదులో హోంస్కూలింగ్, అంటే ఇంటి చదువు, ఎంచుకున్నవాళ్లు ఆ ప్రశ్నకి జవాబుగా నాలుగైదు ఇళ్లు కలిసి ఒక క్లబ్బు మొదలుపెడుతుంటారు. మొదటి వారం సందడిగా సాగి, మూడో నెలకల్లా ఉత్త వాట్సాప్ గ్రూపుగా మిగిలిపోయినవాటిని నేను చూశాను. ఓపిక లేక ఆగిపోయిందనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి, మొదట్లోనే లెక్క వేసుకోకపోవడం.

ముందు గంటల సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా బడి ఏడాదికి 200 రోజులు, 800 గంటలు నడవాలి. వారానికొకసారి రెండు గంటలు కలిసే క్లబ్బు, పండగలూ పెళ్లిళ్లూ మే ఎండలూ తీసేసి 40 వారాలు సాగితే 80 గంటలు. పదో వంతే! కానీ ఆ 800 గంటలూ పాఠాలు చెప్పే గంటలు, పక్కవాడితో మాట్లాడితే అయ్యవారు ఊరుకునే గంటలు కావు. స్నేహం కుదిరేది ఇంటర్వెల్లోనూ, అన్నాల దగ్గరా, ఆటల పీరియడులోనూ. వాటన్నిటికీ రోజుకి 45 నిమిషాలు వేసుకుంటే ఏడాదికి 150 గంటలు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కలిస్తే మన క్లబ్బుకి 160 గంటలు. అంటే తోటి పిల్లల లోటు పూడ్చడానికి రోజూ పరుగెత్తక్కర్లేదు, వారానికి రెండు పూటలు చాలు.

ఎంతమంది పిల్లలుండాలి? ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆట రక్తి కట్టాలంటే కనీసం ఆరుగురు ఉండాలనుకుందాం, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఆరుగురు దొరికారు కదా అని మొదలుపెట్టేస్తాం. ఒకరికి జలుబు, ఒకరింటికి అమ్మమ్మ రాక. ప్రతి పిల్లా ఐదుసార్లలో నాలుగుసార్లు వస్తుందనుకోండి. అది మంచి హాజరే. అయినా ఆరుగురూ ఒకేసారి కనబడేది నాలుగు సార్లకి ఒక్కసారే. గణితంలో దీన్ని సంభావ్యత అంటారు, ఒక సంగతి ఎన్నిసార్లలో ఎన్నిసార్లు జరగొచ్చో చూసే లెక్క. అదే ఎనిమిది మందిని చేర్చుకుంటే ఆరుగురికి తగ్గకుండా వచ్చేది ఐదింట నాలుగుసార్లు. పది మందైతే ముప్ఫైలో ఇరవై తొమ్మిదిసార్లు! నలుగురు పెరిగితే ఇంత తేడా వస్తుందని కాగితం మీద వేసుకునేదాకా నేనూ నమ్మలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ లెక్క ఎవరి రాక వాళ్లదే అనుకుని వేసింది. ఇంట్లో అక్కాతమ్ముళ్లుంటే వస్తే ఇద్దరూ వస్తారు, మానితే ఇద్దరూ మానతారు. ముగ్గురేసి పిల్లలున్న మూడిళ్లు కలిసి తొమ్మిదిమంది అయిన గుంపులో ఒక్క ఇంట్లో పెళ్లైతే మూడో వంతు ఖాళీ. అందుకే పది మందీ కనీసం ఆరిళ్ల నుంచి వచ్చేలా చూసుకోండి.

ఆరేళ్లవాడూ పదమూడేళ్ల పిల్లా ఒకే ఆట ఎలా ఆడతారన్నది తరవాతి సందేహం. ఈ చిక్కుని మన వీధులు ఎప్పుడో విప్పేశాయి. చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకుంటే పరుగెత్తుతాడు, అరుస్తాడు, ఔటవడు. కబడ్డీ పద్ధతిగా ఆడాలంటే అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, మొత్తం 14. ఖోఖోకి తరిమేవాళ్లు తొమ్మిదిమంది, పరుగెత్తేవాళ్లు ఒక విడతకి ముగ్గురు, అంటే 12. పది మందితో రెండూ కుదరవు కాబట్టి కబడ్డీకి నలుగురిని, ఖోఖోకి ఇద్దరిని తగ్గించి ఆడతాం, రూలు పుస్తకం ఏమీ అలగదు. వానొస్తే అష్టాచెమ్మాకి నలుగురు, వామనగుంటలకి ఇద్దరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎన్ఐఓఎస్, అంటే కేంద్ర ప్రభుత్వపు సార్వత్రిక పాఠశాల, పదో తరగతిలో చేరడానికి కనీస వయసు 14 ఏళ్లు. ఆ వయసొచ్చిన పిల్లలు పరీక్షల్లో పడి క్లబ్బుకి రావడం తగ్గిస్తారు. కింద నుంచి ఏటా ఒకరిద్దరు చేరకపోతే పది కాస్తా ఆరవుతుంది.

దూరం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. ఆ చివరివాళ్లూ ఈ చివరివాళ్లూ కలవాలంటే రెండు గంటల ఆటకి దాదాపు రెండు గంటల ప్రయాణం. రానూపోనూ కలిపి గంట దాటకూడదన్నది నా అభిప్రాయం. డబ్బు లెక్కా అదే చెబుతుంది. ఇంటి నుంచి 15 కిలోమీటర్లనుకోండి, రానూపోనూ 30. లీటరుకి 45 కిలోమీటర్లిచ్చే బండి మీద, పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకుంటే విడతకి 73, ఏడాదిలో 80 విడతలకి దగ్గర దగ్గర 5,900. చందాలూ బంతులూ తాడూ అన్నీ కలిపినా అంత కావు.

పెద్దవాళ్లు ఎంతమంది ఉండాలి? ప్రైమరీ బడిలో 30 మందికి ఒక టీచరుంటే చట్టానికి చాలు. కానీ గోడలు లేని పార్కులో ఒక్కరు చూడగలిగేది నలుగురైదుగురినే. పది మందికి ఇద్దరు పెద్దలు. 80 విడతలకి 160 వంతులు, ఆరిళ్లకి పంచితే ఇంటికి 27. అంటే మూడు వారాల్లో రెండుసార్లు మీ వంతు! ఈ సంగతి మొదటిరోజే చెప్పేయండి. విని జారుకునేవాళ్లు నాలుగో వారంలో కాక అప్పుడే జారుకుంటారు, అదీ మంచిదే.

ఏం చేయించాలన్నది అందరూ మొదట అడుగుతారు, నిజానికి అన్నిటికన్నా తేలికైనది అదే. రెండు పూటల్లో ఒకటి పూర్తిగా ఆటకి వదిలేయండి, దానికి ఏ ప్రణాళికా వద్దు. రెండోది బయటికి. ఇంటి చదువులో ఉన్న పెద్ద సుఖం మంగళవారం పొద్దున్న ఖాళీగా ఉండటం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకి సోమవారం. మిగతా రోజుల్లో ఆదివారపు రద్దీ లేకుండా మ్యూజియంలోని మ్యూజికల్ క్లాక్ ముందు చోటు దొరుకుతుంది. గంట కొట్టే బొమ్మ పన్నెండింటికి పన్నెండుసార్లు కొడుతుంది కాబట్టి ఆ వేళకి చేరండి. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పక్షుల్ని లెక్కపెడతారు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని. ఒక్కచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనబడినవి రాస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మా పిల్లలు పాలపిట్ట కోసం వెళ్లి 43 పావురాలు రాసుకొచ్చారు.

చట్టం ఒప్పుకుంటుందా అని పెద్దవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. విద్యాహక్కు చట్టం పదో సెక్షను పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది, చేర్చకపోతే వాళ్లకి శిక్ష మాత్రం రాయలేదు. జాగ్రత్త పడాల్సింది మరోచోట. "ఎలాగూ వస్తున్నారు, రోజూ పెట్టేద్దాం, ఒక టీచర్ని పెట్టుకుని ఫీజు వేసుకుందాం" అనే మాట ప్రతి గుంపులోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, మా గుంపులోనూ వచ్చింది. గుర్తింపు లేకుండా బడి నడిపితే పద్దెనిమిదో సెక్షను కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తరవాతా ఆపకపోతే రోజుకి పదివేలు. నెలకి మూడు లక్షలు! వారానికి రెండు పూటలు, ఆటపాటలు, ఫీజు లేదు, సామానుకి మాత్రం చందా అన్న హద్దులో ఉంటే ఆ గొడవ మన గుమ్మం దాకా రాదు.

మొదటి నెల ఇంకేమీ రాయకపోయినా ఎవరొచ్చారో, ఎవరు రాలేదో ఒక నోటుపుస్తకంలో రాయండి. నెలాఖరుకి హాజరు నూటికి 80 ఉందో 60 ఉందో తేలుతుంది. 60 అయితే ముప్ఫైలో ఇరవై తొమ్మిదిసార్లు ఆట సాగడానికి పది మంది చాలరు, పదిహేనుమంది కావాలి.