ఇంటికీ, పశువుల కొట్టానికీ ఎర్తింగు

నీళ్ల మోటారు, గడ్డి కత్తిరించే యంత్రం, పాలు పితికే యంత్రం – ఇవన్నీ తడి నేల మీద పనిచేసేవే. లోపలి తీగ తొడుగు చెడి ఇనుప భాగానికి తగిలితే యంత్రం పైభాగమంతా కరెంటు వస్తుంది. దానిని తాకిన ప్రాణి గుండానే కరెంటు భూమిలోకి పోతుంది. అలా జరగకుండా ముందుగానే తీగతో వేరే దారి ఏర్పాటు చేయడమే ఎర్తింగు.

పశువులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వాటి కాళ్లు ఎప్పుడూ తడి నేల మీదే ఉంటాయి. ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ దూరం ఎక్కువ కనుక కరెంటు గుండె మీదుగా పోతుంది. తొట్టి వద్ద గేదె నీళ్లు తాగబోయి తల వెనక్కు లాక్కుంటుంటే కరెంటు లీకు ఉన్నదేమో వెంటనే చూపించాలి.

గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో గుంత తీయించి, సుమారు 40 మి.మీ. లావు, 2.5 మీటర్ల పొడవుగల జి.ఐ. పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించాలి. వేసవిలో గుంతలో నీళ్లు పోయాలి. అక్కడి నుండి తీగ బోర్డుకూ, ప్రతి ప్లగ్గు మూడవ పిన్నుకూ అందాలి. కొట్టంలోని ఇనుప స్తంభాలనూ, నీటి పైపులనూ ఈ తీగతో కలిపించాలి.

అయితే గుంత ఒక్కటే చాలదు. మన గుంత, ట్రాన్స్‌ఫార్మర్ గుంత కలిసి 10 ఓములు అడ్డు ఉన్నాయనుకుందాం. 230 ఓల్టులకు పారే కరెంటు 23 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడిపోదు; యంత్రంలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. అందుచేత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక పెట్టించాలి. వెళ్లిన కరెంటు తిరిగి రాకపోతే అది రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. దాని టెస్టు బటను నెలకొకసారి నొక్కి చూడాలి. అది ఉన్నదని ఎర్తింగు మానరాదు. ఎర్తు ఉంటే లీకైన క్షణమే పడిపోతుంది. లేకుంటే ఎవరో తాకేవరకు తెలియదు.

ఎర్తు పిన్నుకు న్యూట్రల్ తీగ ఎన్నడూ కలపరాదు. న్యూట్రల్ తెగితే యంత్రమే షాకు కొడుతుంది. ఈ పనులన్నీ లైసెన్సుగల వారి చేతనే చేయించాలి.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించగలరు.